కొలిచే పరికరం ఆటను మార్చేస్తే?

ప్రిడిక్షన్ మార్కెట్ అన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. పేరు గంభీరంగా ఉంది గానీ విషయం తేలికే. ఒక టెన్నిస్ మ్యాచ్ తీసుకోండి. "ఫలానా ఆటగాడు గెలుస్తాడు" అనే కాంట్రాక్టు అమ్మకానికి ఉంటుంది. అతను గెలిస్తే దాని విలువ 1 డాలర్, ఓడితే సున్నా. ఇప్పుడది 64 సెంట్లకు చేతులు మారుతోందంటే, అతను గెలిచే అవకాశం 64 శాతమని మార్కెట్ అనుకుంటోందన్నమాట. ధర పెట్టేది కంపెనీ కాదు, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ. కాల్షీ, పాలీమార్కెట్ వంటివి ఇలాగే నడుస్తాయి.

దీని వెనక ఒక మంచి ఆలోచనే ఉంది. తలా కొంచెం తెలిసిన వందల మంది తమ డబ్బు పెట్టి మాట్లాడితే, ఆ తెలివంతా ఒక్క అంకెలోకి చేరుతుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 1988 నుంచి ఎన్నికల మీద ఇలాంటి మార్కెట్ నడిపి, ఈ ఆలోచన పనిచేస్తుందని చూపించింది. మరి టెన్నిస్ కింది మెట్లలో ఏమవుతుంది?

ముందు ఆ మెట్ల సంగతి. టీవీలో మనం చూసే గ్రాండ్‌స్లామ్‌లు, ఏటీపీ టోర్నీలు పైన ఉంటాయి. వాటి కింద చాలెంజర్ టోర్నీలు, అన్నిటికన్నా కింద ఐటీఎఫ్ టోర్నీలు. ఎం15 అనే స్థాయి టోర్నీలో మొత్తం బహుమతి 15,000 డాలర్లు. సింగిల్స్ విజేతకు వచ్చేది 2,160 డాలర్లు, మొదటి రౌండ్లో ఓడినవాడికి 156. విమానం, హోటలు, కోచ్, రాకెట్ తీగలు అన్నీ అందులోంచే. టెన్నిస్ నిజాయితీ మీద వేసిన స్వతంత్ర సమీక్షా సంఘం 2018లో ఒక లెక్క చెప్పింది. ప్రొఫెషనల్ అనిపించుకునేవాళ్ళు 15,000 మంది దాకా ఉంటే, ఖర్చులు పోను మిగుల్చుకోగలిగేవాళ్ళు 250 నుంచి 350 మందేనట. ఆ సంఘం 3,200 మందికి పైగా క్రీడాకారులను అడిగితే, ఫిక్సింగ్ గురించి తమకు ప్రత్యక్షంగా తెలుసన్నవాళ్ళు 14.5 శాతం.

ఇప్పుడు కొంచెం లెక్క. సర్వీస్ చేసేవాడు ఒక్కో పాయింటు గెలిచే అవకాశం 60 శాతం అనుకుందాం. డ్యూస్‌లన్నీ కలుపుకుంటే గేమ్ గెలిచే అవకాశం 73.6 శాతం వస్తుంది. అదే పాయింటు దగ్గర 55 శాతమైతే గేమ్ దగ్గర 62.3 శాతమే. అంటే ఆడే ప్రతి 20 పాయింట్లలో గెలవాల్సింది ఒక్కటి వదిలేసినా గేమ్ అవకాశం 11 శాతానికి పైగా పడిపోతుంది. సెట్‌కి, మ్యాచ్‌కి వెళ్ళేకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఒక్క డబుల్ ఫాల్ట్ చూసి అది చేయి వణికి పడిందో, కావాలని కొట్టిందో ఎవరు చెప్పగలరు? క్రికెట్లో అయితే పక్కన ఇంకో పదిమంది ఉంటారు. ఇక్కడ అంతా ఒక్కడి చేతిలోనే. పైగా మ్యాచ్ ఓడక్కర్లేదు, ఒక సెట్టో గేమో వదిలినా దాని మీదా పందెం ఉంటుంది. బెల్జియం కోర్టు 2023లో గ్రిగోర్ సర్గ్‌స్యాన్ అనే వ్యక్తికి ఐదేళ్ళ శిక్ష వేసింది. అతని వలలో పడ్డ ఆటగాళ్ళు 180 మందికి పైనే.

దీనికి మార్కెట్ వైపు నుంచి ఒక జవాబుంది: "ధరే దొంగను పట్టిస్తుంది." అందులో నిజం లేకపోలేదు. 2007 ఆగస్టులో పోలండ్‌లోని సోపోట్‌లో దవిదెంకో, వసాలో ఆర్గుయెలో ఆడారు. దవిదెంకో మొదటి సెట్ 6-2తో గెలిచినా బెట్‌ఫెయిర్‌లో డబ్బు మాత్రం అవతలివాడి మీదే పడుతూ పోయింది. మూడో సెట్లో దవిదెంకో గాయమంటూ తప్పుకున్నాడు. బెట్‌ఫెయిర్ ఆ మ్యాచ్ పందేలన్నీ రద్దు చేసింది. కానీ ఏడాది విచారణ తర్వాత ఇద్దరి తప్పూ లేదని తేలింది. అంటే ధర "ఏదో తేడాగా ఉంది" అని చెప్పగలదు, ఆ తేడా ఏమిటో చెప్పలేదు. అది కూడా జనం చూస్తున్న మ్యాచ్. ఎక్కడో మూల కోర్టులో జరిగే ఎం15 మ్యాచ్‌కి అంతమంది కళ్ళు ఉండవు.

అసలు చిక్కు మన ల్యాబ్‌లో చదువుకున్నదే: లోడింగ్ ఎఫెక్ట్. 10 వోల్టుల సప్లైకి రెండు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు సిరీస్‌లో కలపండి. మధ్యలో 5 వోల్టులు ఉండాలి. 100 కిలో ఓమ్‌ల మీటర్ పెట్టి కొలిస్తే 3.33 చూపిస్తుంది. మీటర్ అబద్ధం చెప్పలేదు. పెట్టాక అక్కడున్నది 3.33 వోల్టులే. 10 మెగా ఓమ్‌ల మీటర్ పెడితే 4.98 వస్తుంది. అధ్యక్ష ఎన్నికను నా పది డాలర్లు కదపలేవు. 156 డాలర్ల కోసం ఆడే మనిషిని, అతని మీద కాసిన వేల డాలర్లు కదపగలవు. అక్కడ మార్కెట్ మ్యాచ్‌ను పక్కన నిలబడి కొలవడం లేదు, సర్క్యూట్‌లో తానూ ఒక భాగమైపోయింది.

మందు కూడా ఆ ల్యాబ్‌లోనే ఉంది. ఒకటి, మీటర్ లాగే కరెంటు తగ్గించడం. అయోవా మార్కెట్లో ఒక్కొక్కరికి 500 డాలర్ల పరిమితి పెట్టారు. 2018 సంఘం కూడా 15,000 డాలర్ల స్థాయి టోర్నీల లైవ్ స్కోరు డేటా అమ్మకం ఆపమని సిఫార్సు చేసింది. రెండోది, సర్క్యూట్‌నే బలపరచడం, అంటే కింది మెట్ల ఆటగాడికి బతకడానికి సరిపడా ఇవ్వడం. మొదటిదానికి రూల్ రాస్తే చాలు. రెండోదానికి డబ్బు కావాలి, అందుకే దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించాయి. కాబట్టి పందెం సంగతి వదిలేద్దాం. కానీ స్కోర్ల డేటాతో ప్రాజెక్టులు, మోడళ్ళు కట్టేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కింది స్థాయి మ్యాచ్‌ల ఫలితాలు వాడుతుంటే యాక్యురసీ చూసుకునే ముందు ఒక భాగహారం చేయండి: ఆ మ్యాచ్ మీద తిరిగిన డబ్బును ఆటగాడికి దక్కేదాంతో భాగించండి. ఆ అంకె మరీ పెద్దదైతే, మీ మోడల్ నేర్చుకుంటున్నది టెన్నిస్ ఒక్కటే కాకపోవచ్చు.