అడ్డబల్లలు కోసేముందు

గంగవరం

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన ఫోటోలూ, పడవను మార్చేదానికి కాగితం మీద గీసిన ప్లానూ చూసినాను. ఫోన్లో చెప్తే ‘సరే మామా’ అనేసి మరిచిపోతావు, అందుకే కూర్చుని రాస్తుండా.

14 అడుగుల పాత అల్యూమినియం పడవ, వెడల్పు 5 అడుగులు. ముందొక డెక్కు, వెనకొక డెక్కు, తిరిగే కుర్చీలు రెండు, చేపల తొట్టి, గాలం కర్రలకు పొడుగాటి పెట్టె. బొమ్మ చక్కగా గీసినావు. అయితే దాంట్లో కొలతలే ఉండాయి గానీ బరువులు లేవు. నీ బరువెంత, నీతో వచ్చేవాడి బరువెంత, ఇంజనూ పెట్రోలూ కలిపి ఎంత? పెద్ద సైజు లెడ్ బ్యాటరీ ఒక్కటే 25 కిలోల దాకా తూగుతుంది. లిథియందైతే దాంట్లో సగం. ఆ బ్యాటరీ ముక్కు దగ్గర పెడతావా, వెనక పెడతావా అన్నదాన్నిబట్టి పడవ నడకే మారిపోతుంది.

మీ అమెరికాలో 1972 నవంబరు తర్వాత తయారైన, 20 అడుగుల లోపు ఇంజను పడవలకు ఎంత బరువు మొయ్యొచ్చో రాసిన ప్లేటు ఉండాలని రూలు. నీ దానికి ఉందేమో వెతుకు. ఊడిపోయి ఉంటే అడుగుల్లో పొడుగును వెడల్పుతో గుణించి 15తో భాగించు. నీ పడవకు నాలుగున్నర పైచిలుకు వస్తుంది, అంటే నలుగురే. అదీ గాలి లేని రోజు మాట. నువ్వు బిగించే ప్రతి పలకా, ప్రతి కుర్చీ ఆ నలుగురి బరువులోనించి తీసేయాల్సిందే.

ఇంక అసలు సంగతి. ‘మూడు అడ్డబల్లలూ కోసేస్తే బోలెడంత చోటు’ అని రాసినావే, అది చదివి నాకు గుండె ఝల్లుమంది. అవి కూర్చునేదానికి మాత్రమే పెట్టినవి కావురా. ఇట్లాంటి పడవలకు చాలావాటికి 2 మిల్లీమీటర్లు కూడా ఉండని రేకే వాడతారు. రెండు పక్కలూ బయటికి విచ్చుకోకుండా పట్టి ఉంచేది ఆ బల్లలే. పైగా వాటి కడుపులో ఫోమ్ ఉంటుంది. పడవ నిండా నీళ్లెక్కినా మునక్కుండా నిలబెట్టేది అదే. ఒక ఘనపుటడుగు ఫోమ్ సుమారు 27 కిలోలను తేల్చి పెడుతుంది. నడిమి బల్ల తీసే తీరాలంటే ఆ జాగాలో అడ్డంగా అల్యూమినియం యాంగిల్ వేసి రెండు పక్కలకూ కట్టెయ్. తీసినంత ఫోమ్‌ను డెక్కుల కింద మళ్లీ నింపు. పాత ఫోమ్ ఒక ముక్క కోసి పిడికిట్లో పిండి చూడు. నీళ్లు కారితే అది తేల్చేది కాదు, ముంచేది. కొత్తగా పెట్టే నీలం, గులాబీ రంగు పలకలకు పెట్రోలు తగిలిందా, కరిగిపోతాయి. ట్యాంకుకు దూరంగా పెట్టు.

డెక్కు ఎత్తు గురించి. పడవ అంచుకు సమానంగా గీసినావు. అంత ఎత్తున నిలబడి గాలం విసిరితే ఒక్క తూలుకు నువ్వు నీళ్లలో ఉంటావు. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ నీళ్లు కుప్పం దాకా పోయినాయి కదా, చెరువుల్లో నీళ్లుంటే ఈ పక్క పుట్టి మీద పోయి చేపలు పట్టేవాళ్లకు చేతినిండా పనే. వాళ్లలో ఒక్కడైనా నిలబడి వల లాగడం చూసినావా? బరువు ఎంత కిందుంటే అంత మంచిదని వాళ్లకు ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు. డెక్కును అంచుకు జానెడు కిందికి దించు. మీ లూయిస్‌విల్ చెరువు మీద గాలి లేస్తే అలలు ఎట్లుంటాయో నువ్వే చెప్పినావు గదా.

కోసేముందు ఇంకొక పని చెయ్యి. అట్టపెట్టెలు చించి, టేపు అంటించి, డెక్కులూ పెట్టెలూ అన్నీ ఉత్తుత్తిగా కట్టు. 7 అడుగుల గాలం కర్ర పెట్టెలోనించి బయటికి వస్తుందో రాదో అప్పుడే తెలిసిపోతుంది. తర్వాత అట్టలు తీసేసి పడవను నీళ్లలోకి దించి, బ్యాటరీ ఉండే చోట, ట్యాంకు ఉండే చోట, మనిషి కూర్చునే చోట నీళ్ల క్యాన్లు పెట్టు. 20 లీటర్ల క్యానంటే 20 కిలోలు, లెక్క సులభం. గట్టున నిలబడి పక్కనుంచి చూడు. ముక్కు కిందికి దిగినా, ఒక పక్కకు ఒరిగినా క్యాన్లు జరుపు. క్యాను జరిపినంత సులభంగా రివెట్టు కొట్టిన పెట్టెను జరపలేవు.

సామాను మాట. మీ పక్క షాపుల్లో చెదపట్టని కొయ్య అని అమ్మేదాన్ని పడవకు తగలనియ్యొద్దు. దాంట్లో రాగి మందు ఉంటుంది, తడి తగిలితే అది అల్యూమినియాన్ని తినేస్తుంది. మామూలు మెరైన్ ప్లైవుడ్‌కు అన్ని అంచులా ఎపాక్సీ పూసి వాడు, లేదంటే 3 మిల్లీమీటర్ల రేకు వెయ్యి. ఇనప మేకులు వద్దు, స్టెయిన్‌లెస్ స్క్రూలు చాలు. నీళ్ల మట్టానికి కింద రేకులో ఒక్క బెజ్జం కూడా పెట్టొద్దు. కార్పెట్ నాకు నచ్చదు, ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఆపైన నీ ఇష్టం. కరెంటుకు పడవ రేకునే నెగటివ్‌గా వాడొద్దు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపల ఉండాలి.

ఇవన్నీ చేసేముందు వెనక ఇంజను తగిలించే చెక్కను సుత్తి పిడితో తట్టి చూడు. ‘టక్’మంటే గట్టిది, ‘డబ్’మంటే పుచ్చింది. అది పుచ్చితే పని అక్కడే మొదలు, డెక్కుల మాట ఆ తర్వాతే. ట్రైలర్ మీద ఉండగానే లోపల బెత్తెడెత్తు నీళ్లు పోసి, కిందికి దూరి, చెమ్మ కారే రివెట్ల పక్కన సుద్దముక్కతో గుర్తు పెట్టుకో.

ఇంజను ఆపే తాడు 2021 ఏప్రిల్ నుంచి మీ చట్టంలోనే ఉంది. అది నీ ఒంటికి తగిలించుకో, స్టీరింగుకు కాదు. చెక్క సంగతి తేలినాక ఫోటో పంపు, బరువుల పట్టీ కూడా పంపు. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, పండక్కి ఇక్కడికే వస్తానంది.

ఇట్లు,
మీ మామ