పాలచౌడు నేలల్లో వరి: వేరు కణత్వచం వద్ద సోడియం రవాణా
పాలచౌడు నేలల్లో మడినిండా నీరున్నప్పటికీ వరి ఆకుల కొనలు ఎండిపోవటానికి మూలం వేరు కణత్వచం వద్ద ఉంది. నేల ద్రావణంలో లవణ సాంద్రత పెరిగితే ద్రవాభిసరణ మందగించి, వేరుకు నీరు తక్కువగా అందుతుంది. సోడియం అయాన్లు మాత్రం త్వచంలోని ప్రోటీన్ మార్గాల గుండా, కణశక్తి వ్యయం లేకుండానే లోనికి చేరతాయి. వాటిని బయటకు పంపటానికి గాని, రిక్తికలో నిల్వ చేయటానికి గాని ఏటీపీ వ్యయం తప్పదు. ప్రోటాన్ పంపులు ఏర్పరచిన ప్రవణతే సోడియం వినిమయ ప్రోటీన్లను నడుపుతుంది. ఆ మేరకు పెరుగుదల కుంటుపడుతుంది. నోనా బోక్రా రకంలో 2005లో గుర్తించిన ఎస్‌కేసీ1 జన్యువు రూపొందించే ప్రోటీన్, దారువు నుంచి సోడియంను వెనక్కు తీసుకొని ఆకులను కాపాడుతుంది. మంచినీటితో లవణాలను కడిగి మురుగు కాలువల ద్వారా తొలగిస్తే వేరు చుట్టూ సోడియం తగ్గుతుంది. తట్టుకునే రకం లోనికి వచ్చినదాన్ని అదుపు చేస్తుంది. నారు, పూత దశల్లో వరి అత్యంత సున్నితం కనుక, ఈ రెండింటినీ జతచేసి సిఫారసు చేయటం అవసరం.