కమ్మరి కత్తి: కొనునపుడు చేయవలసిన పరీక్ష

సంఘసభ్యులగు రైతు సోదరులకు ఈ మాసమున మేము చెప్పదలచినది ఒక చిన్న పనిముట్టును గుఱించి. విత్తనమునకును, ఎరువునకును పదిమందిని విచారించి కొను మనము కత్తి కొనునపుడు మాత్రము తళతళను చూచి మోసపోవుచున్నాము. మేమును మోసపోయితిమి. ఒక యేడు సంతలో చౌకగా దొరకినవని డజను కత్తులు తెచ్చి ప్రత్తిపాటి రేగడి చేలలో ప్రత్తికట్టె కొట్టించితిమి. మధ్యాహ్నమునకే వాదరలు మడతపడెను. కూలీలు పని మాని రాతిమీద నూఱుచు కూర్చుండిరి. వెలలో మిగిలినదానికంటె కూలిలో పోయినది హెచ్చు.

మొదట ఉక్కును విచారింపవలయును. లారీ కమానుపట్టీలో కర్బనము నూటికి సుమారు 0.6 పాలుండును; ఇండ్లు కట్టుటకు వాడు ఇనుపకమ్మిలో అందు సగమునకు మించి యుండదు. అట్టి కమ్మిని ఎంత కాల్చి నీట ముంచినను చాలినంత గట్టిపడదు. సానపై మోపినచో కమ్మి రవ్వలు నిడుపుగా, తిన్నగా పోవును. ఉక్కు రవ్వలు కొనలయందు పువ్వులవలె చిట్లును. వీలైనచో పట్టీని మనమే కొని కమ్మరికిచ్చి కొలిమియెదుట కూర్చుండి చేయించుకొనుట మేలు.

ఉక్కు మంచిదైనను పదును చెడవచ్చును. ఎఱ్ఱగా కాల్చి ముంచినంతనే అది గాజువలె పెళుసుగా నుండును. మరల సన్నని సెగ చూపి, తోమిన యంచున గడ్డిపసుపు రంగు తేలినపిదప ముదురు గోధుమవన్నె దాటకమునుపే ఆపవలయును. నీలిరంగు వచ్చువఱకు ఉంచినచో వాదర మెత్తబడును. యంత్రపు సానపై నీరు లేక నూఱుటచే అంచు నీలమైన కత్తిని సగము వెలకిచ్చినను కొనకుడు.

కొనుచోటనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. సన్నని ఇత్తడి కడ్డీపై వాదరను కొంచెము వాల్చి, అదిమి నడుపుడు. వాదర స్వల్పముగా వంగి మరల తిన్నగా నిలిచినచో పదును సరియైనది. వంగినది వంగినట్లే యున్నచో మెత్తన. పలుకులు రాలినచో పెళుసు. ఇందుకు ఒప్పుకొనని అంగడిలో మేము కొనుట మానితిమి. పిడి వేయని కొడవలిని దారమున వ్రేలాడదీసి కొట్టినచో ఖంగున మ్రోగవలెను. బొంగురుగా పలికినచో బీట యున్నదేమో వెదకవలెను.

ఉక్కును ఎఱిగి కొనుట మన దేశమునకు క్రొత్తది కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కాచిన యుక్కునకై ఇస్పహాను నుండి పారసీక వర్తకుడు వచ్చియుండెనని తెలుపు వాయిజీ దొరగారి వ్యాసము 1832లో అచ్చయినది. అంత దూరము వచ్చినవాడు మెఱుగు చూచి కొనియుండడు గదా!

పనిని బట్టి కత్తి. వరికోత కొడవలికి పలుచని రేకు, సన్నని కక్కులు తగును. ప్రత్తికట్టె కత్తికి వీపు దళముగా నుండవలెను. కోతకొడవలితో కట్టె నఱకి కమ్మరిని తిట్టుట న్యాయము గాదు. పిడికి తుమ్మకఱ్ఱ చాలును; పొన్ను బిగువుగా నున్నదో లేదో ఊపి చూడుడు.

ఇక వెల. 200 రూపాయల కత్తి ఒక పంటకు, 400 రూపాయలది నాలుగు పంటలకు వచ్చెననుకొందము. మొదటిదానికి పంటకు 200, రెండవదానికి 100 పడినవి. నూఱుటకు పోయిన పూటలు ఈ లెక్కలో చేరలేదు. గ్రామమున పదిమంది సభ్యులు కలసి ఒకే కమ్మరికి పని యొప్పగింపవచ్చును. అట్లు చేయువారు ముందు ఒక్క కత్తి చేయించి, ఒక దినము కట్టెపై వాడి చూచి, పిమ్మట తక్కినవాటికి బయానా ఇచ్చునది.