నీ పాత్ర ఓడ ఎక్కే ముందు

ఆర్మూర్

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు దీవెనలు.

పసుపు ఉడకబెట్టడం అయిపోయింది, కల్లంలో ఆరుతోంది. మీ బాపు పొద్దుగూకే దాకా అక్కడే ఉంటున్నాడు. ఫోన్ ఎత్తలేదని కంగారు పడకు.

నువ్వు పంపినవి రెండూ చదివాను. మీరు ఎనిమిది మంది కలిసి డిస్కార్డ్‌లో రాసుకుంటున్న అంతరిక్ష ఓడ కథ ఒకటి, అందులోకి నువ్వు కొత్తగా దింపబోతున్న పాత్ర వివరం ఒకటి. మొదటిది రాత్రి చాలా పొద్దుపోయేదాకా నన్ను కూర్చోబెట్టింది. ముఖ్యంగా ఆ ముసలి ఇంజనీరు, అతనంటే పడని వంటమనిషి. వాళ్లిద్దరినీ రాస్తున్న పిల్లలెవరో గానీ ఘటికులే. రెండోది మాత్రం నాలుగు పేజీలుంది, నాలుగు పేజీలూ ఆ అమ్మాయి గొప్పలే. పంతొమ్మిదేళ్లకే కెప్టెన్ అట. ఏడు గ్రహాల భాషలు వచ్చట. ఎడమ చేయి యంత్రమట. తల్లిదండ్రుల్ని చంపినవాణ్ణి వెతుక్కుంటూ తిరుగుతోందట. ఎవరినీ నమ్మదు, అందరికీ నచ్చుతుంది. నీకు కోపమొచ్చినా చెబుతున్నాను: ఈమె ఓడ ఎక్కిన రోజు నుంచి మిగతా ఏడుగురికి చప్పట్లు కొట్టడం తప్ప పని ఉండదు.

ఇది నీ ఒక్కదానికే వచ్చిన జబ్బు కాదులే. 1973లో అమెరికాలో పాలా స్మిత్ అనే ఆవిడ, ‘స్టార్ ట్రెక్’ అభిమానులు నడుపుకునే పత్రికలో చిన్న వెటకారపు కథ రాసింది. అందులో మేరీ స్యూ అనే లెఫ్టినెంట్‌కు పదిహేనున్నర ఏళ్లు. దళం మొత్తానికీ చిన్నది. వచ్చీ రాగానే కెప్టెన్ మనసు పారేసుకుంటాడు, ఓడను ఆమే నడిపేస్తుంది, చివరికి ఆమె చచ్చిపోతే ఓడంతా వెక్కి వెక్కి ఏడుస్తుంది. అభిమానులు రాసే కథల్లో ఇలాంటి పాత్రలు చూసి చూసి విసిగి రాసిన కథ అది. ఆ పేరు అప్పటి నుంచి అలాంటి పాత్రలన్నిటికీ అతుక్కుపోయింది. ఆ మాటను ఆడపిల్లలు రాసుకున్న పాత్రల మీదే ఎక్కువగా విసిరి, మగపిల్లలు రాసుకున్న మహావీరుల జోలికి పోలేదన్న సంగతీ నాకు తెలుసు. అది అన్యాయమే. అయినా నీ కెప్టెనమ్మ నాకు నచ్చలేదు.

దీనికి విరుగుడు కూడా ఆ దేశంలోనే ఉంది. 1977లో మార్క్ మిల్లర్ తయారుచేసిన ‘ట్రావెలర్’ అనే ఆట గురించి మీలో ఎవరైనా విన్నారేమో అడుగు. సైన్స్ ఫిక్షన్ పాత్రధారణ ఆటల్లో అది పాత కాపు. అందులో పాత్ర పద్దెనిమిదో ఏట ఏదో ఒక కొలువులో చేరుతుంది. నాలుగేళ్లకొక విడత. ప్రతి విడతకూ పాచికలు వేయాలి. కొంత విద్య వస్తుంది, దాంతోపాటు వయసూ మీద పడుతుంది. మొదట్లో ఉన్న నియమాల ప్రకారం పాచిక ఎదురు తిరిగితే ఆట మొదలుకాకముందే పాత్ర చచ్చిపోతుంది కూడా! బతికి బయటపడ్డవాళ్లు ముప్పై, నలభై ఏళ్లవాళ్లయి, ఇంత పెన్షనో, ఒక తుపాకో, పాత ఓడ మీద తీరని అప్పో పట్టుకుని కథలోకి వస్తారు. అప్పున్న మనిషి ఊరికే కూర్చోలేడు, పని వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటలోనే మిగతావాళ్లకు తగులుతాడు. నీ కెప్టెన్‌కు ఏమీ తక్కువ లేదు, అందుకే ఎవరితోనూ అవసరం లేదు.

ఇక ప్రవేశం సంగతి. ఈ విద్యలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. మన జిల్లా చిందుల ఎల్లమ్మ పేరు మీ బడిలో చెప్పారో లేదో. బోధన్ వైపు మనిషి, చిందు యక్షగానంలో మహా కళాకారిణి. ఆ మధ్య 2024లో జనగామ వైపు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ ఇచ్చారే, అదే కళ. యక్షగానంలో వేషం ఊరికే నడిచొచ్చి నిలబడదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. వెనక గజ్జెల చప్పుడు మొదలవుతుంది. ప్రవేశ దరువు సాగుతుంది. ఎవరు నువ్వు, ఎక్కడి నుంచి రాక, ఏం పని మీద వచ్చావు అని ఇవతలి మనిషి అడుగుతాడు. అడిగితేనే వేషం చెబుతుంది. కూచిపూడి భామాకలాపంలోనైతే సత్యభామ ముందు తన జడను తెర మీదుగా బయటికి వేస్తుంది. మొహం కనబడక ముందే సవాలు!

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చూడు. సత్యభామ తన గొప్పలు ఎంతసేపు చెప్పుకున్నా జనం కూర్చుని వింటారు. ఎందుకంటే ఆమె ఎవరో వాళ్లకు ముందే తెలుసు, ఆ గర్వం ఎలా అణగబోతోందో కూడా తెలుసు. ‘కల్కి 2898 ఏడీ’ సినిమాలో అశ్వత్థామను జనం ఇట్టే పోల్చుకున్నది కూడా అందుకే, నుదుటి మీది గాయం చూస్తే చాలు. నీ పాత్రకు ఆ సౌకర్యం లేదు. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న తొందర కూడా ఎవరికీ లేదు. కాబట్టి నువ్వు దరువు పాడొద్దు, అవతలివాళ్ల చేత ప్రశ్న అడిగించు. ఆ నాలుగు పేజీలు నీ దగ్గరే దాచుకో. ఎవరు ఏది అడిగితే అది, అడిగినంత మేరకే బయటికి తియ్యి. ఎవరూ అడగని సంగతులు అలాగే ఉండిపోనీ, నష్టం లేదు.

పదిమంది చేతుల్లో ఉన్న కథలోకి కొత్త మనిషిని దింపడమంటే నాకు గుర్తొచ్చేది శశిరేఖ. వ్యాసుడి భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడి కూతురు శశిరేఖ అందులో లేదు, మన కవిత్రయం భారతంలోనూ లేదు. జనం నోట పుట్టి, నాటకాల్లో పెరిగి, 1957లో కె.వి. రెడ్డి ‘మాయాబజార్’తో ప్రతి ఇంటి పిల్లా అయిపోయింది. వేల ఏళ్లుగా అందరికీ తెలిసిన కథలోకి ఒక పిల్లను తెచ్చి కూర్చోబెడితే ఒక్కరూ ఇదెవరని అడగలేదు! ఎలా కుదిరిందో చూడు. పాండవులు అడవుల్లో ఉన్నారు, అభిమన్యుడు తల్లితో మేనమామల ఇంట ద్వారకలో ఉన్నాడు. ఆ ఏళ్లలో అతనేం చేశాడని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఖాళీ అక్కడుంది. శశిరేఖను సరిగ్గా అక్కడే పెట్టారు. బలరాముడి కూతురు అన్న ఒక్క మాటతో ఆమె కృష్ణుడి అన్న బిడ్డ అయింది, సుభద్రకు మేనకోడలు అయింది, అభిమన్యుడికి మరదలు అయింది. మేనరికం అంటే మనకు వేరే వివరం కావాలా? ఆమె పెళ్లి అనేసరికి శకునికి పన్నాగం పని పడింది, లక్ష్మణ కుమారుడికి సింగారం పని పడింది, ఘటోత్కచుడికి అడవి నుంచి కదలాల్సిన పని పడింది. ఇంత అల్లరి జరిగినా కురుక్షేత్రం వెంట్రుకవాసి కూడా మారలేదు. సినిమాలో పాండవులు కనిపించనే కనిపించరు.

అన్నిటికంటే నాకు ముచ్చట వేసేది మరొకటి. ఆ కథలో అందరినీ కడుపుబ్బ నవ్వించేది శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. కొత్తగా వచ్చిన పాత్ర తన రూపాన్నే ఎత్తి పాత పాత్రకు ఆడుకోవడానికి ఇచ్చేసింది. నీ కెప్టెనమ్మ తన తుపాకీ అయినా ఎవరికైనా ఇస్తుందా?

సరే, తిట్టడం చాలు. నన్నడిగితే ఏం చేస్తానో చెబుతాను, నచ్చితే తీసుకో.

మీ కథలో ఓడ ఇప్పుడు ఆ మూడో స్టేషన్‌లో సరుకు ఎక్కించుకోవడానికి ఆగింది కదా. అది మన ఊరిలాంటి చోటు. 44వ నంబరు, 63వ నంబరు జాతీయ రహదారులు కలిసేది ఇక్కడే కాబట్టి ఆర్మూర్‌లో ఏ రాష్ట్రం లారీ కనిపించినా ఎవరూ తల తిప్పి చూడరు. కొత్త మనిషి దిగడానికి అలాంటి చోటే మంచిది. నడి ఆకాశంలో విడి గూటిలో తేలుతూ దొరికిన అనాథ అంటే ఆమె పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికే నీకు వారం పడుతుంది.

ఆ స్టేషన్‌లో సరుకు పరీక్షించే మనిషి ఒకావిడ ఉందనుకో. వయసు నలభై ఐదు. మీ కథలో భూమి మీద నుంచి తెచ్చుకున్న పంటలు కొన్ని ఓడల్లోనే పెరుగుతున్నాయని ఎవరో రాశారు, అందులో పసుపు కూడా పెట్టు. ఎందుకంటే పసుపు గురించి నీకు తెలిసినంత మిగతా ఏడుగురిలో ఎవరికీ తెలియదు. నిజామాబాద్ యార్డులో చిన్నప్పుడు మీ బాపు వెంట తిరిగావు. రాశి పక్కన నిలబడి రైతు ఎంత చెప్పినా ఖరీదుదారు వినిపించుకోడు, కొమ్ము తీసి విరిచి లోపలి రంగు చూస్తాడు. కొమ్ముకొక ధర, మండకొక ధర. కర్క్యుమిన్ శాతం ఎక్కువుంటే ధర ఎక్కువంటారు గానీ, రైతు కళ్లెదుట కొలిచి చూపించేవాళ్లేరీ అన్నది మన దగ్గర పాత గొడవే. 2025 జనవరిలో పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చిందన్న సంబరంలో కూడా మీ బాపు మొదట అడిగింది ఆ కొలత సంగతే. ఆ గొడవంతా నీ పాత్రకు ఇవ్వు. తన చేత్తో విరిచి చూడని సరుకు మీద ఆవిడ సంతకం చేయదు. సంతకం లేకపోతే ఓడ కదలదు. ఓడ ఆలస్యమైతే మీ ఓడ కెప్టెన్‌కు నష్టం. వంటమనిషి దొంగతనంగా దాచిన బస్తా బయటపడుతుంది. ముసలి ఇంజనీరు ఆవిడను మాటల్లో పెట్టడానికి వస్తాడు. చూశావా, ఆవిడ ఇంకా ఓడ ఎక్కనేలేదు, ముగ్గురికి పని పడింది. చివరికి అదే మొండితనం వల్ల ఆవిడ కొలువు పోయి, తాను ఆపిన ఓడలోనే చోటు అడుక్కోవాల్సి వస్తే, ఎక్కించుకోవాలా వద్దా అన్నది మీ వాళ్లు తేల్చుకుంటారు. ఆ తీర్పు నువ్వు రాయకు.

ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను. ఇతరుల పాత్రలు ఏమనుకున్నాయో, ఎలా తలవంచాయో నీ కలంతో రాయొద్దు. నీ చివరి వాక్యం అవతలివాళ్లు అందుకునేలా ఉండాలి, తలుపు మూసినట్టు ఉండకూడదు. నన్నయ వదిలేసిన అరణ్యపర్వాన్ని ఎర్రన పూర్తిచేసినప్పుడు, తాను ఎంత గొప్ప కవి అయినా, రాజరాజ నరేంద్రుడికే అంకితంగా, నన్నయ రాసినట్టుగానే నడిపాడు. ఎక్కడ ఒకరు ఆగి మరొకరు అందుకున్నారో సులువుగా తెలియనీయలేదు. ప్రబంధ పరమేశ్వరుడే అంత వినయం చూపిస్తే, మనదేముంది?

నీ కెప్టెనమ్మకు ఇద్దరు చెల్లెళ్లు, ఒక గురువు, ఒక శత్రువు కూడా వెంట వస్తారని రాశావు. వద్దు. 2019 ఎన్నికలు నీకు గుర్తుండే ఉంటాయి. నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది పోటీ, అందులో 178 మంది మన పసుపు, ఎర్రజొన్న రైతులు. పేర్లన్నీ పట్టడానికి ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. దేశమంతా ఆ లెక్కను చెప్పుకుంది. ఆ రైతుల పేర్లలో ఒక్కటైనా బయటివాళ్లను చెప్పమను! వాళ్లకు కావలసింది గుంపుగా కనబడటమే, అది నెరవేరింది. నీకు కావలసింది ఒక మనిషి గుర్తుండటం. ఒక్కరే దిగాలి.

దిగే ముందు మీ కథ నడిపే అబ్బాయిని అడుగు. ఓడలో ఇప్పటికే వైద్యురాలు, ఇంజనీరు ఉన్నారు, వాళ్ల పని లాక్కునే మనిషి వద్దు. పేరు పలకడానికి తేలిగ్గా ఉండాలి. ఫోన్‌లో టైపు చేసేవాళ్లు రోజుకు పదిసార్లు కొట్టాలి మరి. నీకు సెమిస్టర్ పరీక్షలు వస్తే పాత్ర ఎలా పక్కకు తప్పుకోవాలో కూడా ఇప్పుడే అనుకో. సరుకు పరీక్షించే మనిషైతే తర్వాతి స్టేషన్‌లో దిగి పనిచూసుకుని వస్తుంది, ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇంకొకటి, ఇది నీ పాత్ర గురించి కాదు. పోయిన నెల మీ కథలోకి ఒక పిల్లవాడు మెకానిక్ పాత్రతో వచ్చాడు. పాపం, మూడుసార్లు పలకరించాడు. మీరంతా మీ యుద్ధంలో మీరున్నారు, ఒక్కరూ జవాబివ్వలేదు. తర్వాత అతను కనిపించలేదు. యక్షగానంలో తెర పట్టుకునే ఇద్దరికి డైలాగు ఉండదు గానీ వాళ్లు లేకపోతే వేషం రాదు. ఇంజనీరు పాత్ర రాసే నీ మిత్రుణ్ణి కదిపి, ఆ మెకానిక్‌ను ఏదైనా పాడైపోయిన మోటారు గురించి అడిగించు. నీ పాత్ర ప్రవేశం కంటే ముందు ఇది జరగాలి.

ఆదివారం లోపల నీ కొత్త మనిషి ప్రవేశం ఎనిమిది వాక్యాలకు మించకుండా రాసి నాకు పంపు. యంత్రపు చెయ్యి కనిపించిందో, చదవకుండానే తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
పెద్దబాపు