పాఠం 14: పెరట్లో పిల్లల మంచె

14.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మంచెకు తగిన చెట్టును ఎంచుకోగలుగుతారు.
• మంచె మోయవలసిన బరువును లెక్కకట్టగలుగుతారు.
• తక్కువ ఖర్చుతో సామగ్రి సమకూర్చుకోగలుగుతారు.

14.1 ఉపోద్ఘాతం

చేనికి కాపలా కాసే మంచె మీరు ఎరిగినదే. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి అండమాన్‌కు వచ్చి స్థిరపడిన పెద్దలను అడగండి, మంచె కబుర్లు చెబుతారు. శ్రీ విజయపురంలో (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) మీకు కొద్దిపాటి పెరడు ఉన్నా, పిల్లలకు అటువంటిది కట్టి ఇవ్వవచ్చు. అయితే ఒక్క కట్టు వదులైనా పసివాడి చేయి విరుగుతుంది. కాబట్టి ముందు లెక్క, తరువాత పని.

14.2 నికోబారు ఇల్లు నేర్పేది

కార్ నికోబార్‌లో తేనెపట్టు ఆకారంలో ఉండే సంప్రదాయపు ఇళ్ళను స్తంభాలపై, మేకులు లేకుండా కట్టేవారు. నిచ్చెన వేసుకుని పైకి వెళ్ళేవారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత అటువంటి ఇళ్ళు బాగా తగ్గిపోయాయి. వాటి సూత్రం మాత్రం మనకు పనికివస్తుంది: బరువు స్తంభాల మీద ఉండాలి. చెట్టు నీడ ఇస్తే చాలు. గాలికి చెట్టు ఊగుతుంది. మంచెను దానికి కట్టేస్తే కట్లు తెగుతాయి. మానుకూ పలకలకూ నడుమ మూడు వేళ్ళ సందు వదలండి.

14.3 చెట్టు ఎంపిక

మామిడి, చింత మంచివి. కొబ్బరి కింద వద్దు, కాయలు పడతాయి. మునగ కొమ్మ పెళుసు. పొగడ్తతో ఒకరిని ఉబ్బించడాన్ని ‘మునగచెట్టు ఎక్కించడం’ అంటాం. ఎందుకో ఇప్పుడు ఊహించండి.

14.4 బరువు లెక్క

ముగ్గురు పిల్లలు (3 × 30) 90 కిలోలు
ఒక పెద్ద మనిషి 60 కిలోలు
పలకలు, దూలాలు 50 కిలోలు
మొత్తం 200 కిలోలు

పిల్లలు గెంతుతారు. కనుక రెట్టింపు, అంటే 400 కిలోలు అనుకోండి. నాలుగు స్తంభాలలో ఒక్కొక్కటి 100 కిలోలు మోయాలి. పలకల బరువు ఎలాగూ ఉంది కాబట్టి, మిగిలిన 350 కిలోలకు 25 కిలోల మట్టి సంచులు 14 పేర్చి, ఒక రాత్రి ఉంచి చూడండి. ఏదీ కుంగకపోతేనే పిల్లలను ఎక్కనివ్వండి.

14.5 కట్టే విధానం

1. ఇక్కడ ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జనవరి, ఏప్రిల్ నెలల మధ్య కట్టండి.
2. స్తంభాల మొదళ్ళకు తారు పూసి, రెండడుగులు పాతండి. స్తంభాల మధ్య ఏటవాలు కర్రలు బిగించండి.
3. ఎత్తు నాలుగడుగులు మించరాదు. మూడడుగుల కటకటాలు పెట్టండి. సందుల్లో పిల్లవాడి తల దూరకూడదు.
4. ఉప్పుగాలికి మామూలు మేకులు తుప్పు పడతాయి. జింకు పూత బోల్టులు కొనండి. ఇక్కడ పొదుపు వద్దు.
5. కింద రాళ్ళు ఏరి, కొబ్బరి పీచు పొట్టు పరచండి. జెర్రులు చేరతాయి, వారానికొకసారి తిరగవేయండి.

14.6 ఖర్చు తగ్గించడం

కాగితంపై మూడు వరుసలు గీయండి: ఇంట్లో ఉన్నవి, అడిగి తెచ్చుకోగలవి, కొనవలసినవి. పాత ఇల్లు విప్పిన చోట పలకలు, దూలాలు దొరుకుతాయి. పుచ్చు ఉన్నవి తీసుకోకండి. అడవిలో కర్ర కొట్టకండి. అనుమతి లేకుండా కొట్టడం నేరం.

పాఠ్యగత ప్రశ్నలు

1. మంచెను మానుకు ఎందుకు కట్టరాదు?
2. అయిదుగురు పిల్లలు ఎక్కే మంచెలో ఒక్కొక్క స్తంభం ఎంత బరువు మోయాలి?

జవాబులు

1. చెట్టు ఊగినప్పుడు కట్లు తెగుతాయి.
2. 150 + 60 + 50 = 260; రెట్టింపు 520; ఒక్కొక్కటి 130 కిలోలు.