బండి ఎందుకు రైజ్ అవుతోంది? టూవీలర్ మెకానిక్ కాబోయేవారికి తొలి పాఠం

‘ఊరికే రైజ్ అవతా ఉంది నా’ అంటూ కస్టమర్ బండి తెచ్చి స్టాండ్ వేస్తాడు. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది. చాలా షెడ్లలో చెయ్యి ముందుగా, యాక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజిన్ వేగాన్ని నిర్ణయించే ఐడ్లింగ్ స్క్రూ మీదికే పోతుంది. రెండు చుట్లు వెనక్కి తిప్పగానే శబ్దం తగ్గుతుంది, కస్టమర్ డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. వారం తిరక్కుండా అదే బండి మళ్లీ షెడ్డు ముందుంటుంది. ఈసారి పొద్దున్నే స్టార్ట్ కాదు, ట్రాఫిక్‌లో ఆగిపోతుంది, వేడెక్కాక మళ్లీ రైజ్ అవుతుంది. పదో తరగతో ఇంటరో అయ్యాక మెకానిక్ పనిలోకి రావాలనుకునే తిరుపతి, చిత్తూరు పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఈ ఒక్క ఫిర్యాదు గురించే. దీని మూలం దాకా వెళ్లి పట్టుకోగలిగిన కుర్రాడికి ఈ వృత్తిలో పనికి కొదవుండదు. స్క్రూ తిప్పి పంపడంతో సరిపెట్టుకునేవాడు ఏళ్లు గడిచినా హెల్పర్‌గానే మిగిలిపోతాడు.

మన ప్రాంతంలో దీన్ని చిన్న లోపంగా తీసిపారేయడానికి లేదు. తిరుమల ఎక్కడానికి 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు, దిగడానికి 1944లో వేసిన మొదటి రోడ్డు. మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్, పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఉన్నాయి. వాలులో దిగేటప్పుడు బండిని గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే సగం వేగాన్ని ఇంజినే పట్టి ఉంచాలి. 1,400 ఆర్‌పీఎం దగ్గర ఉండాల్సిన ఐడ్లింగ్ 2,500కి చేరితే ఆ పట్టు సడలుతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ముందు బిడ్డ, వెనక భార్య, కింద డ్రమ్ బ్రేకుల పాత బండి. ఆ మలుపుల్లో బ్రేక్ లైనర్లు వేడెక్కి పట్టు వదిలితే ఏమవుతుందో మెకానిక్ కావాలనుకునేవాడు ఒక్కసారైనా ఊహించుకోవాలి.

ఇక పని మొదలుపెడదాం. పానా పట్టకముందే కస్టమర్‌ను అడగండి. ఎప్పటి నుంచి ఇలా ఉంది? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, పది కిలోమీటర్లు తిరిగాకా? ఈ మధ్య కేబుల్ మార్చారా, కార్బరేటర్ విప్పారా? సగం జబ్బు ఈ జవాబుల్లోనే దొరుకుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి చల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండు నిమిషాలు కాస్త ఎక్కువ ఐడ్లింగ్‌లో నడవడం మామూలే. ఇంజిన్ వేడెక్కేదాకా దాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ యూనిట్ ఈసీయూయే అలా నడిపిస్తుంది. అది లోపం కాదని కస్టమర్‌కు నచ్చజెప్పి, డబ్బు తీసుకోకుండా పంపిన మెకానిక్‌ను ఆ వీధి మొత్తం నమ్ముతుంది.

బండి బాగా వేడెక్కాక, న్యూట్రల్‌లో, హ్యాండిల్‌ను ఎడమ చివరి దాకా, తర్వాత కుడి చివరి దాకా తిప్పి చూడండి. ఆర్‌పీఎం మారిందా? అయితే కార్బరేటర్ జోలికి పోనక్కర్లేదు. యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో బిగుసుకుంది, లేదా ట్యాంకు కింద వేరే దారిలో పోయి లాగుతోంది. గ్రిప్‌ను వేళ్లతో మెల్లగా తిప్పితే కేబుల్ పట్టుకునే ముందు కొద్దిపాటి ఆట ఉండాలి. చాలా కంపెనీలు దీన్ని 2 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య ఉంచమంటాయి. ఆ ఆట అసలు లేకపోతే మీరు యాక్సిలరేటర్ వదిలినా, గాలిదారిని తెరిచి మూసే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు. గ్రిప్‌ను తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే కేబుల్ లోపల దుమ్ము పట్టిందనో, పోగులు తెగుతున్నాయనో అర్థం. చోక్ పూర్తిగా వెనక్కి పడిందో లేదో కూడా ఇప్పుడే చూసేయండి. ఇంతవరకూ ఒక్క బోల్టు కూడా విప్పలేదని గమనించండి.

ఇవన్నీ బాగున్నా రైజ్ తగ్గలేదంటే గాలి వైపు చూడాలి. ఈ వృత్తిలో చదువు అక్కరకొచ్చేది ఇక్కడే. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ గాలి థ్రాటిల్ గుండానే లోపలికి పోవాలి. కార్బరేటర్‌కూ ఇంజిన్ హెడ్‌కూ మధ్యనున్న రబ్బరు పైపు పగిలినా, అక్కడి ఓ రింగ్ గట్టిపడినా, రెండు బోల్టుల్లో ఒకటి వదులైనా దొంగదారిలో గాలి దూరుతుంది. థ్రాటిల్ మూసినా ఇంజిన్ పరుగు ఆపదు. యాక్సిలరేటర్ ఇచ్చి వదిలితే ఆర్‌పీఎం వెంటనే పడిపోకుండా పైనే వేలాడి, తర్వాత నింపాదిగా దిగుతుంది. ఈ లక్షణాన్ని చెవితో గుర్తుపట్టడం నేర్చుకోండి. ప్లగ్ విప్పి చూస్తే మొన తెల్లగా, కాలినట్టుగా కనిపించవచ్చు. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే మొన లేత గోధుమ రంగులో ఉంటుంది.

గాలి లెక్క తప్పడానికి పెట్రోలూ ఒక కారణం కావచ్చు. ఇప్పుడు పెట్రోల్ బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్ మండటానికి పెట్రోలుకన్నా తక్కువ గాలి చాలు. అంటే పెట్రోలు కొలిచే పాత జెట్‌తోనే నడిచే పాత కార్బరేటర్ బండిలో గాలి ఎక్కువై మిశ్రమం కాస్త పలచబడుతుంది. పాత రబ్బరు భాగాలకూ ఇది అంత మంచిది కాదు. పదేళ్లు దాటిన బండి వస్తే ఇంటేక్ రబ్బరును వంచి, మడతల్లో సన్నటి పగుళ్ల కోసం వెలుతురులో చూడండి. లీకు పట్టడానికి సిరంజితో పెట్రోలు చల్లే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. వేడి సైలెన్సర్ పక్కనే ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. సబ్బు నీళ్లు చల్లినా చాలు, లీకున్న చోట తడి తగిలిన క్షణంలో ఇంజిన్ శబ్దం మారుతుంది.

కార్బరేటర్ విప్పాల్సి వస్తే ఎయిర్ స్క్రూ తీసే ముందు దాన్ని మెల్లగా చివరిదాకా బిగిస్తూ ఎన్ని చుట్లు పోయిందో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను నోట్‌బుక్‌లో బండి మోడల్ పక్కన రాసుకోండి. కార్బరేటర్‌ను శుభ్రం చేసి బిగించాక స్క్రూను అదే లెక్కకు తిప్పి, అక్కడి నుంచి సరిచేసుకోండి. ఏడాదిపాటు ఇలా రాసిన నోట్‌బుక్ ఏ సర్టిఫికెట్ కన్నా తక్కువ కాదు. పైలట్ జెట్‌లో గుండుసూది మొనంత రంధ్రం ఉంటుంది. దాన్ని తీగతో పొడిచారంటే కొలత పోతుంది. కార్బరేటర్ క్లీనర్ కొట్టి, కంప్రెసర్ గాలితో ఊదడమే పద్ధతి. మూలం దొరికి సరైపోయాకే ఐడ్లింగ్ స్క్రూ మీద చెయ్యి వేయండి. అన్నిటికన్నా చివరి పని అదే.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక కొత్త బళ్లలో కార్బరేటర్ దాదాపుగా పోయింది. అదే ఫిర్యాదు వస్తుంది, వెతకాల్సిన చోటు మారుతుంది. థ్రాటిల్ బాడీలో పేరుకున్న నల్లటి మడ్డి, ఐడ్లింగ్ గాలిని నియంత్రించే వాల్వ్ బిగుసుకోవడం, థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ తప్పు చెప్పడం, ఇంజిన్ వేడిని కొలిచే సెన్సర్ పాడై ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని ఈసీయూ భ్రమపడటం. వీటికి మల్టీమీటర్, స్కానర్ కావాలి. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లలో ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్ రెండో దశ తప్పనిసరైంది. స్కానర్ ఒక కోడ్ ఇస్తుంది. అంతమాత్రాన సెన్సర్ మార్చేయడం పాత స్క్రూ వైద్యానికి కొత్త రూపమే. వైరు తెగిందా, కనెక్టర్‌లో నీరు చేరిందా, సెన్సర్‌కు వోల్టేజీ వస్తోందా అని కొలిచాకే మార్చాలి. రబ్బరు పైపు లీకైతే ఇంజెక్షన్ బండి కూడా రైజ్ అవుతుందని మరచిపోవద్దు.

దీన్ని నేర్చుకోవడానికి దారులున్నాయి. పదో తరగతి పాసైతే ఐటీఐలో మెకానిక్ టూ అండ్ త్రీ వీలర్ ట్రేడ్ ఏడాది, మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు. తిరుపతి, చిత్తూరు రెండు చోట్లా ప్రభుత్వ ఐటీఐలు ఉన్నాయి. టూవీలర్ ట్రేడ్ అన్ని ఐటీఐల్లో ఉండదు కాబట్టి దరఖాస్తు పెట్టకముందే ఏ ట్రేడ్‌లో ఎన్ని సీట్లున్నాయో కనుక్కోండి. నన్నడిగితే రెండేళ్లు వెచ్చించగలిగినవారు మోటార్ వెహికల్ తీసుకోవడమే మేలు. కార్లు, లారీల వైపూ తలుపు తెరిచి ఉంటుంది, ఆపైన డిప్లొమా రెండో ఏడాదిలో చేరే అవకాశమూ ఉంది. అమ్మాయిలు ఈ ట్రేడ్‌లో అరుదు. చేరాలనుకుంటే మొహమాటపడక్కర్లేదు, ఎలక్ట్రికల్ లోపాలు వెతకడంలో కావాల్సింది ఓపిక, కొలత.

కోర్సయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదు చేసుకుని ఎంపికైతే స్టైపెండ్‌తో పాటు పనీ అబ్బుతుంది. ఫ్యాక్టరీ, సర్వీస్ సెంటర్ ఈ రెండింటి తేడా ముందే తెలుసుకోవాలి. సత్యవేడు మండలం మాదన్నపాలెంలో హీరో మోటోకార్ప్ ఫ్యాక్టరీ ఉంది, శ్రీసిటీలో ఇసుజు ఉంది. కుప్పం వాళ్లకు హోసూరు టీవీఎస్ దూరమేమీ కాదు. ఫ్యాక్టరీలో క్రమశిక్షణ, క్యాంటీన్, బస్సు ఉంటాయి. అయితే లైన్ మీద ఒకే బోల్టు రోజంతా బిగించాల్సి రావచ్చు. లోపం వెతికే విద్య మాత్రం సర్వీస్ సెంటర్‌లో, షెడ్డులోనే అబ్బుతుంది. సొంత షెడ్డు కల ఉన్నవాళ్లు కనీసం మూడేళ్లు ఒక మంచి మేస్త్రి దగ్గర పనిచేశాకే, చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణం గురించి ఆలోచించండి. శిశు విభాగంలో 50,000 రూపాయల దాకా ఇస్తారు. పనిముట్లకూ చిన్న కంప్రెసర్‌కూ అది మొదటి మెట్టు.

‘రేపు అన్నీ ఎలక్ట్రిక్ బళ్లే కదా, వాటికి ఐడ్లింగే ఉండదు’ అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. హీరో విడా స్కూటర్లు మన సత్యవేడు ఫ్యాక్టరీలోనే తయారవుతున్నాయి. 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీల సంస్థ తిరుపతి పక్కన కరకంబాడిలో ఉంది. కానీ ఇప్పుడు రోడ్డు మీదున్న పెట్రోలు బళ్లు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి. ఎలక్ట్రిక్ స్కూటర్‌లో థ్రాటిల్ వదిలినా మోటారు ఆగకపోతే వెతకాల్సింది సెన్సర్‌నే, వైరునే, కనెక్టర్‌నే. ఈరోజు ఇంజెక్షన్ బండి మీద మల్టీమీటర్ పట్టడం నేర్చినవాడికి ఆ పని కొత్తగా అనిపించదు. ఐటీఐలో చేరే నాటికి మల్టీమీటర్ ఒకటి కొనుక్కుని, ఇంట్లో ఉన్న బండి బ్యాటరీ వోల్టేజీ ఇంజిన్ ఆఫ్‌లో ఎంత, రన్నింగ్‌లో ఎంత అన్నది కొలిచి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.