నడిసముద్రంలో మన చోటు ఎక్కడ? పలక నుంచి పరమాణు గడియారం దాకా

నేల మీద దారి తప్పితే అడగడానికి ఎవరో ఒకరు ఉంటారు. ఏదో ఒక ఊరి పేరు బోర్డు మీద కనిపిస్తుంది. సముద్రం మీద ఆ వీలు లేదు. తీరం కనుమరుగయ్యాక నాలుగు దిక్కులా నీరే. పీపాల్లో తాగునీరు తరిగిపోతూ ఉంటుంది. ముందు రేవు ఉందో, నీటిలో దాగిన రాళ్లు ఉన్నాయో తెలియదు. అందుకే "ఇప్పుడు మనం ఎక్కడున్నాం?" అన్న ప్రశ్న నావికుడికి ప్రాణం మీది మాట.

భూమిపై ఏ చోటునైనా రెండు అంకెలతో చెప్పవచ్చు. భూమధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో ఎంత దూరమో చెప్పేది అక్షాంశం. ఒక నిర్ణీత రేఖకు తూర్పుగానో పడమరగానో ఎంత దూరమో చెప్పేది రేఖాంశం. మొదటి అంకెను ఆకాశం అడిగిన వెంటనే ఇచ్చింది. రెండోదాన్ని మాత్రం 18వ శతాబ్దం దాకా నావికులకు చిక్కనివ్వలేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే నావిక శాస్త్రం సగం అర్థమైనట్టే.

ధ్రువుడి ఎత్తే అక్షాంశం

భూమి తన ఇరుసుపై తిరుగుతూ ఉంటుంది. ఆ ఇరుసును ఉత్తరంగా పొడిగిస్తే ఆకాశంలో అది చూపే చోటుకు చాలా దగ్గరగా ధ్రువ నక్షత్రం ఉంది. ఉత్తర ధ్రువం దగ్గర నిలబడిన వారికి అది సరిగ్గా నడినెత్తిన, అంటే 90 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. భూమధ్యరేఖ మీద ఉన్నవారికి నింగీ నీరూ కలిసినట్టు కనిపించే క్షితిజరేఖను తాకుతూ, అంటే సున్నా డిగ్రీల వద్ద ఉంటుంది. ఈ రెండింటి మధ్య మనం ఒక డిగ్రీ ఉత్తరానికి, అంటే సుమారు 111 కిలోమీటర్లు జరిగితే, ధ్రువుడు ఒక డిగ్రీ పైకి లేస్తాడు. కాబట్టి ధ్రువుడి ఎత్తును డిగ్రీల్లో కొలిస్తే అదే మన అక్షాంశం.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగించండి. మీ కంటికి ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడి నుంచి చూస్తే క్షితిజరేఖకు రెండు పిడికిళ్ల కన్నా కాస్త తక్కువ ఎత్తులో ధ్రువుడు ఉంటాడు. శ్రీనగర్‌లో మూడున్నర పిడికిళ్ల దాకా వెళతాడు. కన్యాకుమారిలో ఒక పిడికిలి కూడా ఉండడు.

కమాల్: పలక, దారం, ముడులు

హిందూ మహాసముద్రంలో తిరిగిన అరబ్బు, భారతీయ నావికులు ఈ సూత్రాన్నే ఒక చిన్న పరికరంగా మలిచారు. దాని పేరు కమాల్. దీర్ఘచతురస్రంగా ఉన్న ఒక చెక్క పలక, దాని మధ్య నుంచి ఒక దారం, దారానికి ముడులు. ఇంతే. దారాన్ని పళ్ల మధ్య పట్టుకుని, పలకను ముందుకు చాచి, దాని కింది అంచు క్షితిజరేఖను, పై అంచు నక్షత్రాన్ని తాకేలా సరిచేస్తారు. పలక కంటికి దగ్గరైతే ఎక్కువ కోణాన్ని, దూరమైతే తక్కువ కోణాన్ని కప్పుతుంది. అందువల్ల ఏ ముడి పళ్ల దగ్గరకు వచ్చిందో చూస్తే నక్షత్రం ఎత్తు తెలిసిపోతుంది. ఫలానా రేవుకు ఫలానా ముడి అని ముందే గుర్తు పెట్టుకుంటే లెక్కలు రాని నావికుడు కూడా దాన్ని వాడగలడు.

వారు కోణాన్ని వేళ్లలో చెప్పుకునేవారు. ఒక వేలు అంటే సుమారు 1.6 డిగ్రీలు. సముద్రం మీద అది దాదాపు 180 కిలోమీటర్ల దూరం. కాలికట్‌కు, కొచ్చికి మధ్య అక్షాంశంలో వేలెడు తేడా కూడా లేదు. కాబట్టి వేలులో నాలుగో వంతును గుర్తించగల కన్ను కావాలి. అదీ ఊగే ఓడ మీద, నక్షత్రమూ క్షితిజరేఖా రెండూ కనిపించే వేళలో.

ఇంకో చిక్కు ఉంది. భూమి ఇరుసు నెమ్మదిగా దిశ మార్చుకుంటుంది. నేడు ధ్రువ నక్షత్రం అసలు ధ్రువ బిందువుకు ఒక డిగ్రీ కన్నా దగ్గరగా ఉంది. 15వ శతాబ్దంలో మూడు డిగ్రీలకు పైగా దూరంలో ఉండి, ఆ బిందువు చుట్టూ చిన్న వలయంలో తిరుగుతూ కనిపించేది. సవరించకుండా వాడితే వందల కిలోమీటర్ల తప్పు వస్తుంది. ఆ శతాబ్దపు ప్రసిద్ధ నావికుడు ఇబ్న్ మాజిద్ లాంటివారికి ఈ విషయం బాగా తెలుసు. ధ్రువుడు తన వలయంలో ఎక్కడున్నాడో ఇతర నక్షత్రాలను బట్టి గుర్తించి కొలత తీసుకునేవారు.

తీరాల తీరు కలిసొచ్చింది

రేఖాంశం తెలియకుండానే వీరు అరేబియా సముద్రాన్ని ఎలా దాటారు? పటం తీసి చూడండి. మన పశ్చిమ తీరం గుజరాత్ దిగువ నుంచి కేరళ దాకా దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. ప్రయాణం పడమర నుంచి తూర్పుకు. చేరాల్సిన రేవు అక్షాంశానికి ముందుగా చేరుకుని, ఆపై ధ్రువుడి ఎత్తు మారకుండా తూర్పుకు సాగితే చాలు. ఎన్ని రోజులు పట్టినా చివరకు ఆ రేవు దగ్గరే నేల తగులుతుంది. తీరం ఇంకా ఎంత దూరమో కచ్చితంగా తెలియకపోయినా, నీటి రంగు, పక్షులు, నీటి పాములు, లోతు కొలిచే సీసపు గుండు దగ్గరలో నేల ఉందని హెచ్చరించేవి.

గాలికీ ఒక లెక్క ఉంది

చోటు తెలిస్తే సరిపోదు, కాలం కూడా కలిసిరావాలి. వేసవిలో ఆసియా భూభాగం వేడెక్కి అల్పపీడనం ఏర్పడుతుంది. అప్పుడు గాలి నైరుతి నుంచి భూమి వైపు వీస్తుంది. చలికాలంలో ఇది తారుమారై ఈశాన్యం నుంచి సముద్రం వైపు వీస్తుంది. తెరచాప ఓడకు ఇదే రానూపోనూ దారి. 1వ శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన 'పెరిప్లస్' అనే వర్తక మార్గదర్శిలో ఈ గాలుల వాడకం కనిపిస్తుంది. మచిలీపట్నం ప్రాంతంగా పండితులు గుర్తించిన 'మసాలియా' పేరు కూడా అందులో ఉంది. శాతవాహనుల నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉండటం ఆ వర్తకానికి మరో సాక్ష్యం.

ఈ లెక్క తెలిస్తే ఏమిటో, తెలియకపోతే ఏమిటో వాస్కోడగామా ప్రయాణమే చూపుతుంది. 1498 ఏప్రిల్ 24న ఆయన ఆఫ్రికా తీరంలోని మలిందీ నుంచి, అక్కడి పాలకుడు ఇచ్చిన నావికుడి సాయంతో బయలుదేరాడు. గాలి అనుకూలించింది. మే 18న కేరళ కొండలు కనిపించాయి. నెల కూడా పట్టలేదు. తిరుగు ప్రయాణానికి మాత్రం ఈశాన్య గాలులు కుదురుకునే దాకా ఆగలేదు. అక్టోబరు మొదట్లో అంజదీవ్ ద్వీపం వదిలిన ఓడలు ఎదురుగాలుల్లో, గాలి స్తంభించిన నీటిలో చిక్కుకుని ఆఫ్రికా చేరడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. తాజా ఆహారం లేక చిగుళ్లు వాచే స్కర్వీ వ్యాధి సోకి, ఆ ఒక్క దాటింపులోనే సుమారు 30 మంది చనిపోయారు. సముద్రం అదే, ఓడలు అవే. మారింది నెల మాత్రమే.

రేఖాంశం అంటే కాలం

ఇక రెండో అంకె సంగతి. తూర్పు పడమరలకు ధ్రువుడి లాంటి కదలని గుర్తు లేదు. భూమి తిరుగుతుంది కాబట్టి ఈ రాత్రి మన నెత్తిన ఉన్న నక్షత్రమే కాసేపటికి మనకు పడమరన ఉన్నవారి నెత్తిన ఉంటుంది. అందువల్ల "ఏ నక్షత్రం?" అన్నది చాలదు, "ఎప్పుడు?" అన్నది కూడా కావాలి.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక డిగ్రీకి 4 నిమిషాలు. కాకినాడలో సూర్యుడు నడినెత్తికి చేరిన దాదాపు 53 నిమిషాల తర్వాత ద్వారకలో చేరతాడు. కాకినాడ సమయం చూపే గడియారాన్ని ద్వారకకు తీసుకెళ్లి, అక్కడి మధ్యాహ్నంతో పోలిస్తే, ఆ 53 నిమిషాల తేడాయే రెండు ఊళ్ల మధ్య 13 డిగ్రీల పైచిలుకు రేఖాంశం. సూత్రం ఇంత తేలిక. కష్టమంతా గడియారంలో ఉంది. అది నాలుగు నిమిషాలు తప్పితే మన చోటు సుమారు వంద కిలోమీటర్లు తప్పుతుంది. నాటి లోలకపు గడియారాలు ఊగే ఓడ మీద నిలకడగా నడిచేవి కావు.

1707 అక్టోబరులో తమ చోటును తప్పుగా అంచనా వేసిన బ్రిటిష్ నౌకాదళపు ఓడలు నాలుగు ఇంగ్లండ్‌కు నైరుతిన ఉన్న సిలీ దీవుల రాళ్లకు తగిలి మునిగాయి. 1,400 మందికి పైగా చనిపోయారు. 1714లో బ్రిటన్ చట్టసభ, సముద్రంలో రేఖాంశాన్ని అర డిగ్రీ తేడాతో కనుగొన్నవారికి 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. అర డిగ్రీ అంటే ఆరు వారాల ప్రయాణంలో గడియారం మొత్తం రెండు నిమిషాలకు మించి తప్పకూడదు. అంటే రోజుకు దాదాపు మూడు సెకన్లు.

వడ్రంగి కుటుంబం నుంచి వచ్చిన జాన్ హారిసన్ ఈ పని మీద దశాబ్దాలు గడిపాడు. ఆయన నాలుగో గడియారం అరచేతిలో పట్టేంతది. 1761-62లో అది జమైకా ప్రయాణం చేసింది. దాని రోజువారీ తేడాను లెక్కలోంచి తీసేశాక మిగిలిన తప్పు సుమారు 5 సెకన్లు. సముద్రం మీద అది రెండు కిలోమీటర్ల మాట.

మద్రాసులో ఒక రాతిస్తంభం

గడియారం ఎంత మంచిదైనా దాన్ని సరిచూసుకోవడానికి రేఖాంశం కచ్చితంగా తెలిసిన రేవు కావాలి. కోరమాండల్ తీరం కొలతలు తీస్తున్న మైకేల్ టాపింగ్ ఇలాంటి వేధశాల కోసం పట్టుబట్టాడు. ఆయన రూపకల్పనలో 1792లో మద్రాసు వేధశాల భవనం లేచింది. దాని పరికరాన్ని మోసిన 15 అడుగుల రాతిస్తంభం నేటికీ చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దానిపై చెక్కిన భాషల్లో తెలుగు కూడా ఒకటి. టాపింగ్ 1796లో మచిలీపట్నంలో కన్నుమూశాడు.

ఆయన తర్వాత వచ్చిన జాన్ గోల్డింగ్‌హామ్ గురుగ్రహపు ఉపగ్రహాల గ్రహణాలను గమనించి మద్రాసు రేఖాంశాన్ని నిర్ణయించాడు. ఆ గ్రహణం ఎక్కడి నుంచి చూసినా ఒకే క్షణంలో జరుగుతుంది. కాబట్టి అది ఆకాశానికి తగిలించిన గడియారమే. ఊగే ఓడ మీద దుర్భిణి నిలవదు గానీ, నేల మీద ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. గ్రీన్విచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందున్న మద్రాసు కాలం అలా 1802లో నిర్ణయమైంది. భారతదేశపు మహా త్రికోణమితి సర్వే కూడా రేఖాంశాలకు ఈ వేధశాలనే ఆధారంగా తీసుకుంది.

ఆకాశంలో గడియారాలు

ఈనాడు మన ఫోన్ చోటు చెప్పే పద్ధతి కూడా గడియారం మీదే నిలిచింది. ప్రతి నావిగేషన్ ఉపగ్రహమూ తాను సంకేతం పంపిన సమయాన్ని చెబుతుంది. అది చేరడానికి పట్టిన కాలాన్ని కాంతి వేగంతో హెచ్చిస్తే దూరం వస్తుంది. మన చోటుకు మూడు కొలతలు, మన ఫోన్ గడియారపు తప్పుకు ఒకటి. తెలియనివి నాలుగు కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, ఉపగ్రహ గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. అందుకే వాటిలో పరమాణు గడియారాలు ఉంచుతారు.

మన సొంత 'నావిక్' వ్యవస్థలో తొలి ఉపగ్రహం 2013 జులై 1న నింగికెగిసింది. కొన్నేళ్లకే అందులోని మూడు రుబిడియం గడియారాలూ పాడయ్యాయి. ఉపగ్రహం కక్ష్యలోనే ఉంది. కానీ కాలం చెప్పలేనిది చోటు ఎలా చెబుతుంది? ఆ గడియారాలు విదేశాల నుంచి కొన్నవి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో తొలిసారి స్వదేశీ రుబిడియం గడియారాన్ని అమర్చారు.

ఒడ్డు నుంచి మాట అందకపోతే

చోటు తెలిసినంత మాత్రాన ప్రమాదం తప్పదని 2017 నవంబరు చివరలో ఓఖీ తుపాను గుర్తుచేసింది. లోతు సముద్రంలో వేటకు వెళ్లిన కేరళ, తమిళనాడు మత్స్యకారుల్లో చాలామందికి హెచ్చరిక చేరలేదు. తీరానికి పది పదిహేను కిలోమీటర్లు దాటాక మొబైల్ సిగ్నల్ ఉండదు. ఈ లోటు తీర్చడానికి హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) హెచ్చరికలను ఉపగ్రహం ద్వారా పడవకు చేర్చే 'జెమిని' అనే పరికరాన్ని భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థతో కలిసి 2019లో ముందుకు తెచ్చింది. అది సందేశాన్ని అందుకుని సరంగు ఫోన్‌కు పంపుతుంది. అయితే పడవ నుంచి ఒడ్డుకు కబురు పంపలేదు. రెండు వైపులా మాట నడిచే పరికరాలు ప్రతి పడవకూ అందడమే ఇక మిగిలిన పని.

ఈ రాత్రి మబ్బు లేకపోతే బయటికి వెళ్లి ఉత్తరం వైపు పిడికిలి చాచి చూడండి. మీ ఊరి అక్షాంశం ఎంత వచ్చిందో పటంతో సరిపోల్చండి. రేఖాంశం కావాలంటే మాత్రం ఒక మంచి గడియారం తప్పదు.